హైడ్రా కణాలు, బాపు వేలు

ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై ఆదివారం పాత పుస్తకాల్లో హైడ్రా అనే చిన్న నీటిజీవి బొమ్మ కనబడింది. రెండు పొరల కణాలు, వాటి సందుల్లో ఏ భాగంగానైనా మారగల చిన్న గుండ్రటి కణాలు.

నా చిన్నప్పుడు నాంపల్లి ప్రెస్సులో కాగితం కోసే మిషన్ కింద మా బాపు చూపుడువేలు పోయినప్పుడు, లైబ్రరీలో ఈ బొమ్మే చూసి ఇంటికి పరుగెత్తాను.

"బాపూ, హైడ్రాను కోస్తే మల్ల మొలుస్తది. మనకు గూడ కణాలుంటయి. నీ వేలు వస్తది!"

"బుక్కుల రాసిన్రా? గట్లయితే సేటు నన్ను మల్ల మిషన్ మీద పెట్టుకుంటడు బిడ్డా."

రోజూ కట్టు విప్పి నా ముందు చేయి చాపేవాడు. "జర పెరిగిందా?" నేను స్కేలు పెట్టి "ఔ" అనేదాన్ని.

మనుషుల్లో వేలు మొలిపించే కణాలు లేవని తర్వాత అదే లైబ్రరీలో చదివాను. ఇంటికొచ్చేసరికి బాపు కట్టు విప్పుకుని కూర్చున్నాడు. ఆ రోజు కూడా స్కేలు తీసి "ఔ" అన్నాను.