దండెం మీది చీర

గోల్‌మురి రేకుల కంపెనీలో ఎర్రగా కాలిన రేకును పట్టకారుతో అందుకుని రోలర్లలోకి తోయడం పోలరాజు ఉద్యోగం. వ్యాపకం మాత్రం కవిత్వం. ఇరవై రెండేళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి, కానీ అతని పద్యాల్లో వెతికినా ఒక్క చెమటచుక్క దొరకదు. అన్నీ మలయమారుతాలే, కోయిల కూతలే. పక్క క్వార్టరు అప్పన్న కొత్త సైకిలు కొంటే దాన్ని అశ్వంగా మార్చి రాశాడు. అప్పన్న అంతా శ్రద్ధగా విని, ఆ గుర్రం ఎవరిదని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు రాయడానికి తానేమైనా టైమ్‌కీపరా అని పోలరాజు విసుక్కున్నాడు.

ఏటా ఉగాదికి ఆ ఉత్తరాది ఊళ్లోని తెలుగు సంఘం వాళ్లు కవి సమ్మేళనం పెట్టేవారు. బాగా రాసినవాడికి శాలువా. పోలరాజు పదకొండేళ్లు చదివాడు, పదకొండేళ్లూ శాలువా సోనారి పేటలో ఉండే బంగారురాజు మాస్టారి భుజాల మీదికే పోయింది. చచ్చేలోగా ఒక్కసారైనా దాన్ని కప్పుకోవాలని అతని కోరిక. బయటికి మాత్రం శాలువాదేముందని అంటుండేవాడు.

డెబ్బై తొమ్మిది ఉగాదికి పది రోజుల ముందు, సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ అతని భార్య జోగమ్మ ఎవరూ అడగకుండానే వాళ్లమ్మ పోయిన సంగతి ఎత్తింది. ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు పోలరాజు డ్యూటీలో ఉండిపోతే, టెలిగ్రాం పట్టుకుని తమ్ముడితో బయల్దేరింది. ఖరగ్‌పూర్‌లో రైలు మారి ఆమదాలవలసలో దిగేసరికే అంతా అయిపోయింది. చనిపోయిన పొద్దున అమ్మ ఉతికి ఆరేసుకున్న నేత చీర ఇంకా దండెం మీదే ఉంది. తియ్యాలని ఎవరికీ తోచలేదు. జోగమ్మే తీసి మడతపెట్టింది.

పోలరాజు నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం బి షిఫ్టుకు వెళ్లేలోపే రాసేశాడు. నేత చీర సభలో ఏం బాగుంటుందని తీసేశాడు. రైలూ తీసేశాడు. వాటి బదులు పద్యంలో, కూతురి కోసం ప్రాణం ఉగ్గబట్టుకున్న తల్లి ఆఖరి క్షణంలో ఆమె తల నిమిరి కన్నుమూసింది.

సభలో అతను గొంతెత్తి చదువుతుంటే ఆడవాళ్ల వరసలన్నీ కొంగులతో కళ్లొత్తుకున్నాయి. జోగమ్మ ఒక్కతే ఏడవలేదు. గర్వంతో మాట రాక అలా ఉందనుకున్నాడు. శాలువా ఈసారి దారి తప్పకుండా అతని దగ్గరికే వచ్చింది.

దాన్ని కప్పుకుని ఆమెకు చూపిద్దామని వెళ్లేసరికి, భుయ్యాడీహ్ బస్తీ నుంచి వచ్చిన అసిరమ్మ జోగమ్మ రెండు చేతులూ పట్టుకుని ఉంది.

“అదృష్టవంతురాలివే అమ్మా. ఆకరి సూపు దక్కింది నీకు. మా అమ్మ పోయినప్పుడు నాకది నేదు.”

“నాకూ నేదప్పా,” అంది జోగమ్మ. “నానెల్లేసరికి కాష్టం కూడా ఆరిపోనాది.”

అసిరమ్మ చేతులు వదిలేసి శాలువా వైపు చూసింది. పోలరాజుకు ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొచ్చింది. పెళ్లాం ఆరేళ్లు దాచుకున్న దుఃఖాన్ని పదిమంది ముందు అబద్ధం చేశానని అప్పటికి గాని తట్టలేదు మహాకవికి.

ఇంటికొచ్చాక జోగమ్మ శాలువా తీసుకుని మడతపెట్టసాగింది. పోలరాజు నోటుబుక్కు తెరిచి, రాసిందంతా కొట్టేశాడు. మళ్లీ రాద్దామని పెన్ను పట్టుకున్నాడు. రైలు గుర్తుంది, దండెం గుర్తుంది. తక్కినది ఆ సాయంత్రం ఆమె చెబుతుంటే అతను విననే లేదు.

“ఆ సీరది ఏ రంగు?” అని అడిగాడు. ఇన్నేళ్ల కవిత్వంలో అతను ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

జోగమ్మ శాలువాను ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది.

“నీకు ఏ రంగు బాగుంటే ఆ రంగే రాసుకో.”

ఆ తర్వాత ఆమె అతనితో ఉప్పూ పప్పూ కబుర్లే చెప్పింది.