కోల్డ్ స్టార్ట్ గడిలో నా టిక్కులు

విమానం మంచు మీద ఆగింది. మధ్యాహ్నం పన్నెండు నలభై. తలుపు తీస్తే మైనస్ అరవై.

సరే, మైనస్ ముప్పై ఎనిమిది. టెక్సస్‌లో, మా ఫ్రిస్కో పార్టీల్లో అరవై అంటాను. అంతకు తక్కువైతే బిర్యానీ ప్లేట్లోంచి ఎవరూ తల ఎత్తరు.

అలాస్కాలో నది ఒడ్డున ఊరు. నూట నలభై మంది. రోడ్డు లేదు. మేం ఏడుగురం, అమెరికా సైన్యంలో రిజర్వు సైనికులం. డ్యూటీ నాలుగు వారాలు. చలికాలంలో కరెంటు పోతే ఊరంతా స్కూలు హాల్లోకి ఎలా చేరాలో ప్లాన్ రాయాలి, డ్రిల్ చేయించాలి. నాకప్పుడు యాభై ఏడు. స్టోర్స్ సార్జెంట్‌ని. దుప్పట్లు, డీజిల్, స్కూలు వెనక షెడ్డులో జనరేటరు నా బాధ్యత.

జనరేటర్ ఇంజను చల్లబడకుండా కింద ఒక హీటర్. అదీ ఊరి కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు పోతే హీటరూ పోతుంది. అందుకని లెఫ్టినెంట్ ఆర్డరు: వారానికోసారి హీటర్ ప్లగ్ తీసి, ఇంజన్ని పూర్తిగా చల్లబడనిచ్చి, అలాగే స్టార్ట్ చేసి చూడు. షీటులో దానికి 'కోల్డ్ స్టార్ట్' అని గడి. మూడు వారాలు, మూడు టిక్కులు పెట్టాను. స్టవ్ పక్కన కూర్చుని. ప్లగ్ ఒక్కసారీ తీయలేదు. స్టార్ట్ కాకపోతే ఆ చలిలో ఎవడు పడతాడు, చెప్పండి?

ఇరవై మూడో రోజు. తెల్లవారుజామున ఐదింటికి గాలికి లైన్ తెగింది. తొమ్మిది దాకా బయట అడుగు పెట్టలేకపోయాం. తొమ్మిది నలభైకి ఊరంతా హాల్లో ఉంది. డ్రిల్ పనిచేసింది. జనరేటర్ పనిచేయలేదు.

స్కూల్లో వంట చేసే ఆవిడ తండ్రికి ఊపిరితిత్తులు పాడు. కరెంటు మిషనే ఆయనకి ఆక్సిజన్. మిగిలింది ఒక్క సిలిండర్, పదకొండున్నర దాకా వస్తుంది. ఆ గాలిలో విమానం రాదు.

"చివరి కోల్డ్ స్టార్ట్ ఎప్పుడు?" అన్నాడు లెఫ్టినెంట్.

"పోయిన వారం, సర్. ఒక్క దెబ్బకి అందుకుంది."

'ఒక్క దెబ్బకి' నా సొంత కవిత్వం. అది నమ్మి, అయితే తప్పు చలిది కాదు, డీజిల్ పైపులో ఏదో అడ్డుపడిందని పైపులు విప్పడం మొదలుపెట్టాడు. టైం పది పది.

మా రేడియో ఆపరేటర్ కాలిఫోర్నియా సన్నీవేల్‌లో పుట్టిన తెలుగు పిల్ల. డ్యూటీలో సార్జెంట్ అంటుంది, మిగతా టైంలో అంకుల్.

"అంకుల్, ట్రూత్ చెప్పు. టెస్ట్ చేశావా?"

"మూడుసార్లు."

"అంకుల్!"

"లేదమ్మా."

"నువ్వు చూశానని ఇంటికి ఫోన్లో చెప్పిన వుల్ఫ్ ఎవరిదో పెట్ డాగ్. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఇది చెప్పాలి. నువ్వే వెళ్ళి చెప్పు. ఇప్పుడే."

వెళ్ళాను. వంటావిడ అక్కడే ఉంది. "సర్, ఒక్కసారి కూడా చేయలేదు."

లెఫ్టినెంట్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. ఆవిడ తిట్టలేదు. "అయితే ఇంజన్ బాగానే ఉంది. చలి పట్టిందంతే. పైపులు బిగించండి," అని ఇంటికి పరిగెత్తింది.

ఆ ఊళ్ళో ఇంటింటికీ వంపు తిరిగిన రేకు గొట్టం, గ్యాస్ బర్నర్ ఉంటాయి. మంచు బళ్ళ ఇంజన్లు వాటితోనే వేడి చేస్తారు. అది రోజూ చూస్తూ కూడా మా ప్లాన్‌లో రాసుకోవాలని మాకెవరికీ తట్టలేదు.

ఇంజన్ మీద టార్పాలిన్ కప్పాం. గొట్టం లోపలికి, బర్నర్ బయటి చివర. గాలికి మంట మూడుసార్లు ఆరింది. మూడుసార్లూ ఆవిడే వెలిగించింది.

"సిలిండర్ ముల్లు ఎర్ర గీత మీదకొచ్చింది," హాల్లోంచి రేడియోలో మా ఆపరేటర్ పిల్ల.

"కరెంటు వస్తోందని చెప్పు మా నాన్నకి," అంది ఆవిడ.

పదకొండు ఇరవై రెండు. ఇంజన్ దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గి, అందుకుంది.

"మిషన్ ఆన్. తాతగారు ఓకే."

ఫ్రిస్కోలో చెప్పేటప్పుడు అది స్టార్ట్ చేసింది నేనే. నిజానికి నేను పట్టుకున్నది టార్పాలిన్ మూల.

మిగిలిన ఐదు రోజులూ హీటర్ ప్లగ్ నేనే తీశాను. రోజూ కోల్డ్ స్టార్ట్, రోజూ గొట్టం, బర్నర్. చలికి చేతులు కొయ్యబారిపోయేవి, అయినా ఒక్క రోజు మానలేదు. ప్లాన్ మొదటి పేజీలో గొట్టం చేరింది. ఇరవై ఎనిమిదో రోజు విమానం ఎక్కాను. ఇంట్లో అందరూ తోడేలు గురించే అడిగారు. చెప్పాను, బాగా చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. ఆ రోజు ఇంజన్ నడుస్తుండగా బర్నర్ సర్దుతూ చూశాను. గ్యాస్ తిప్పే ఇత్తడి మర చిన్నది, గ్లవ్స్‌తో పట్టు దొరకదు. ఆవిడ వట్టి చేత్తో తిప్పింది. మర మీద చలికి ఊడొచ్చిన రెండు వేళ్ళ చర్మం అంటుకుని ఉంది, వేలిముద్రల గీతలతో సహా.