తంబళ్లపల్లె బీడులో మా రోవర్

అంగళ్లు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీకి నేనూ నా స్నేహితురాలూ పుంగనూరు నుంచి ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె తండ్రికి పుంగనూరులో వెల్డింగ్ షాపు ఉండేది. ఇంట్లో ఉర్దూ, నాతో మా ఊరి తెలుగు మాట్లాడేది. మూడో ఏడాదిలో ఉండగా, అంగారకుడి మీద ప్రాణం ఆనవాళ్లు వెతికే రోవర్ లాంటి బండిని విద్యార్థులే తయారుచేసే పోటీ ఒకటుందని తెలిసి కాలేజీలో జట్టు కట్టారు. అడగకముందే ఇద్దరం చేరిపోయాం.

చక్రాలూ, మట్టి తవ్వే చేయీ ఆమె పని. ఆ మట్టిలో ప్రాణం జాడ ఉందో లేదో తేల్చే పెట్టె నా పని. అందులోని నీలం మందు, ప్రాణులలో ఉండే ప్రొటీన్ తగిలితే వంకాయ రంగుకు మారుతుంది.

మొదటిసారి బండిని తంబళ్లపల్లె వైపు ఒక బీడులో నడిపించాం. చేయి వంగి, తవ్వి, మట్టిని పెట్టెలో పోసింది. చూస్తుండగానే మందు రంగు తిరిగింది. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పక్కన గొర్రెలు మేపుతున్న ఒక అవ్వ మా దగ్గరికి వచ్చింది.

"ఏం ఎతకతాండారమ్మా ఈడ?"

"యాడన్నా ప్రాణం ఉండాదేమో అని సూస్తాండాం అవ్వా. ఈడ కాదు, ఆకాశంలో ఎర్ర చుక్క ఒకటి ఉండాది కదా, ఆడ" అంది నా స్నేహితురాలు.

"దొరికితే ఏం చేస్తారు?"

ఆమె చేతుల మట్టి దులుపుకుంది. "ఏమీ చెయ్యం అవ్వా. మనం ఒంటిగా లేమని తెలుస్తాది, అంతే."

తర్వాత తవ్వే గరిటె విప్పి చూస్తే దాన్నిండా గొర్రె పెంటికలు. ఇద్దరం నేల మీద కూలబడి నవ్వుకున్నాం. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడున్నానో గుర్తు లేదు.

ఆ ఏడాదే ఆమె తండ్రి ఒక షెడ్డుకు రేకులు వేస్తూ కిందపడ్డాడు. తుంటి విరిగింది. షాపు మూసేస్తే ఇల్లు గడవదు. "ఒక నెల సూసుకోని వస్తాను మే" అని వెళ్లిన మనిషి పరీక్షలకు తప్ప కాలేజీకి రాలేదు. చక్రాలు మాత్రం షాపులోనే సరిచేసి, పోటీ పనికని హాస్టల్లో ఉండిపోయిన నాకు మదనపల్లె బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేది.

పోటీకి ఆమె లేకుండానే వెళ్లాం. బహుమతి రాలేదు. మైదానం నుంచే ఫోన్ చేశాను.

"చెయ్యి తవ్విందా?" అని అడిగింది.

"తవ్వింది."

"ఇసకలోనా, గట్టి నేలలోనా?"

"గట్టి నేలలో."

అవతల గ్రైండర్ చప్పుడు వినిపించింది. ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేకపోయాను.

ఇప్పుడు నేను కుప్పంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. అంగారకుడి మీద రోవర్‌కు చిరుత మచ్చల్లాంటి మచ్చలున్న రాయి కనబడిందనీ, ఎప్పుడో అక్కడ బతికిన సూక్ష్మజీవుల ఆనవాలు కావచ్చుననీ వార్త వచ్చింది. ఆ ఫొటో చూశాక మధ్యాహ్నం క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. దాన్ని ఆమె పక్కన కూర్చుని చూడాలనిపించింది. శనివారం బస్సెక్కి పుంగనూరులో దిగాను.

ఆమె గేటుకు ఊచలు అతుకుతోంది. నన్ను చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. ఫోన్ అందుకుని ఆ రాయిని పెద్దది చేసి చూసింది.

"నిజంగా ప్రాణమేనా మే?"

"తెలీదు. ఆ రాతి ముక్కను రోవర్ గొట్టంలో పెట్టి మూసిండాది. అది భూమ్మీదికొస్తే గానీ తేలదంట."

"ఎప్పుడొస్తాది?"

"ఎవురూ చెప్పలేకుండారు."

ఫోన్ తిరిగి ఇచ్చింది. మళ్లీ అడిగి తీసుకుంది.

"నాకు ఇంకో బండి చెయ్యాలని ఉండాది" అంది, ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "పోటీకి కాదు. ఊరికే, మనిద్దరికీ."

"చేద్దాం. ఆదివారాలు వస్తాను."

"ఆదివారమే గేట్లు బిగించే పని ఎక్కువ." ఫోన్ నా చేతిలో పెట్టి, "అయినా రా" అంది.

వీలైన ఆదివారమల్లా వెళ్తున్నాను. ఆమె పని ముగించుకుని వచ్చేసరికి పొద్దు వాలుతుంది, నాకు కుప్పం బస్సు వేళవుతుంది. బండి ఇంకా మొదలుపెట్టలేదు. దొరికిన ఆ కాసేపూ షాపు ముందు బల్ల మీద కూర్చుని, చేయి ఈసారి ఎంత పొడవుండాలా అని మాట్లాడుకుంటాం.