బొటనవేలికి ఎనిమిది శుక్రవారాలు

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు వనపర్తి పోస్టింగ్ వచ్చింది. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది గానీ, చర్మవ్యాధుల డాక్టరుగా అప్పటికి నేను చేసిన అతి పెద్ద ఆపరేషన్ పులిపిర్లు కాల్చడం. చుట్టుపక్కల మరో చర్మ డాక్టరు లేనందున సోమవారం వనపర్తి, బుధవారం నాగర్‌కర్నూల్, శుక్రవారం గద్వాల చూడమన్నారు. ఆర్డరులో దీన్ని ‘అదనపు బాధ్యత’ అని రాశారు. ఆచరణలో అది దారి మధ్య కొత్తకోటలో బస్సు కోసం నిలబడటం.

సర్వీసు మొత్తంలో నాకు కోపం తెప్పించిన రోగులు ఒకే రకం. చూపించాల్సిన చోటు తప్ప మిగతావన్నీ చూపిస్తారు. ఆంజనేయులు ఆ కోవలోవాడు. గద్వాలలో చీరలు నేసే మనిషి, అరవైకి దగ్గర. మోచేతి మీద దురద అంటూ వచ్చాడు. నేను మందు రాస్తుంటే పక్కనున్న భార్య సరోజమ్మ, “కాలు గూడ చూపియ్యి” అంది.

“ఏం లేదు మేడం, మగ్గం కట్టె తాకింది,” అంటూ అతను కుడికాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. చివరికి నేనే బల్ల కిందికి వంగి చూడాల్సి వచ్చింది.

బొటనవేలి గోరు కింద కందిగింజంత నల్లమచ్చ ఉంది. చర్మ క్యాన్సర్ అంటే ఎండ తగిలే చోట వస్తుందని చాలామంది అనుకుంటారు. మన రంగువాళ్లలో మెలనోమా అనే మొండిరకం అరికాళ్లలో, గోళ్ల కింద దాక్కుంటుంది. నొప్పి ఉండదు కాబట్టి దెబ్బ తగిలి గడ్డకట్టిన నెత్తురనుకుని వదిలేస్తారు. తేడా పట్టడానికి ఓ పాత పద్ధతి ఉంది. గోటికి అంటుకున్న నెత్తురు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, మెలనోమా జరగదు. అందుకని మచ్చ వెనక అంచు దగ్గర గోటి మీద సన్నటి గీత కోసి, రెండు నెలలాగి చూస్తాం. అనుమానం గట్టిగా ఉంటే ఆగకుండా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ రోజు నాకు సగం అనుమానమే కలిగింది. అది నా తప్పు.

గీత కోసి, సంగతి ఇద్దరికీ వివరించాను. ఫోటో కూడా తీసిపెట్టమని అటెండర్ ఖాజాకు నా ఫోన్ ఇచ్చాను. పనుల్లో పడి ఆ ఫోటో చూడలేదు.

రెండు నెలల తర్వాత ఆంజనేయులు వచ్చాడు. గోరు అద్దంలా మెరుస్తోంది. గీత లేదు.

“గీతేది?”

“గరుకుగ ఉండె మేడం. నున్నగ రుద్దుకున్న.”

పట్టు నేసేవాళ్లు గోళ్లకు గరుకు ఉండనివ్వరు, పోగు పట్టుకుంటుంది. చేతిగోళ్ల సంగతి సరే, కాలిగోటికి పోగు ఎక్కడిదని అడిగాను.

“గది అలవాటు. రుద్దుతె ఇరువై గోర్లు రుద్దుత.”

పళ్లు కొరుక్కుంటూ ఫోన్ తీసి ఫోటో వెతికాను. ఆంజనేయులు గొంతు దాకా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, చెప్పులు తొడుక్కుని నిటారుగా నిలబడి ఉన్నాడు. బొటనవేలు చెప్పు పట్టీ కింద ఉంది. ఖాజాను పిలిచి అడిగితే, “ఫోటో అనంగనే చెప్పులు ఏసుకున్నడు మేడం, వద్దంటె బాగుండదని ఊకున్న” అన్నాడు.

నేను అరవడానికి నోరు తెరిచేలోపు సరోజమ్మ సంచిలోంచి చీర డబ్బా అట్టమూత తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఎనిమిది జతల దారపు ముక్కలు వరసగా అతికించి ఉన్నాయి. ఒక్కో జతలో ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ.

“ఆ పొద్దే గీత చెరిపిండు డాక్టరమ్మా. గీయన మీద నాకు నమ్మకం లేదు. మచ్చ ముందుకు వోతె నెత్తురు, వోకుంటె కాదు అంటిరి గద. గోరు మొదలుకెల్లి మచ్చ దాక ఎర్ర పోగు, మచ్చ పొడుగు పచ్చ పోగు. శుక్రారం శుక్రారం కొలిచిన.”

ఎర్రపోగులు ఎనిమిదీ ఒకే పొడవున్నాయి. పచ్చపోగులు మాత్రం వారవారం కాస్తంత పెరుగుతూ పోయాయి. మచ్చ ఉన్నచోటే ఉండి పెద్దదవుతోంది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది.

హైదరాబాదులో పరీక్ష చేస్తే మెలనోమానే అని తేలింది. ఇంకా ఎక్కడికీ పాకలేదు. బొటనవేలిని కణుపు దాకా తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నారు. ఆంజనేయులు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఆపరేషన్ వద్దన్నాడు.

“వేలు పాయె అంటె మగ్గం ఎట్ల తొక్కుత? మగ్గం దిగితె నేనేంది మేడం?”

వేలు లేకపోయినా తొక్కవచ్చని గట్టిగానే చెప్పాను.

“మీరెప్పుడన్న తొక్కినరా?”

ఏ వైద్య పుస్తకంలోనూ గుంట మగ్గం ప్రస్తావన నేను చదవలేదు.

మరుసటి శుక్రవారం ఓపీ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడేసి, కింది కట్టెలు తొక్కి చూశాను. బరువంతా పాదం ముందుభాగం మీద, వేళ్ల మొదట్లో పడుతోంది. అంతవరకూ శాస్త్రీయంగానే జరిగింది. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. ఒక రెక్క ఆంజనేయులు, ఒక రెక్క సరోజమ్మ పట్టుకుని డిప్యూటీ సివిల్ సర్జన్‌ను గుంటలోంచి పైకి లాగారు. “మెల్లగ, పడుగు తెగుతది,” అని ఆయన హెచ్చరించింది నా గురించి కాదు, చీర గురించి.

అప్పుడు అతని బొటనవేలిని పైకి లేపి, కట్టెకు తగలకుండా బ్యాండేజీతో కట్టేసి, నేయమన్నాను. మొదట తడబడ్డాడు. కాసేపటికి మగ్గం చప్పుడు కుదురుకుంది. జానెడు నేసి ఆపి, గుంటలోకి తొంగి చూశాడు. వేలు నిక్కబొడుచుకుని ఉంది.

“గీ వేలు ఊకెనే కూసున్నది గదా!” అన్నాడు, మోసపోయినవాడిలా. “గిన్నేండ్లు ఇదే తొక్కుతుందనుకున్న.”

సరోజమ్మ తల తిప్పకుండా, “ఇంట్ల ఇంకొకలు గూడ గట్లనే ఉన్నరు,” అంది.

ఆ వారమే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. గాయం మానాక మగ్గమెక్కాడు. నేను రిటైరయ్యే దాకా చేసిన పరీక్షల్లో ఎక్కడా జబ్బు జాడ లేదు. చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఫోటో అనగానే చెప్పులు వెతుక్కున్నాడు.

మన సూచనను రోగి ఇంటికి తీసుకెళ్లి తన పనికి తగ్గట్టు సవరించుకుంటాడు. కాబట్టి ఆ పనేమిటో ముందే అడగాలి. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. అట్టమూత ఆంజనేయులు ఫైల్లో ల్యాబు రిపోర్టు వెనక కుట్టి ఉంది. గీత కోసింది నేను, ఫోటో తీయించింది నేను. ఆ రెండు నెలల్లో పనికొచ్చిన కొలతలన్నీ సరోజమ్మవి.