పాత చైను వేయని మేస్త్రి

మేస్త్రి పోయారన్న సంగతి సోమవారం పొద్దున ఆసుపత్రిలో రోగులను చూస్తుండగా తెలిసింది. మా కాంపౌండరు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "మైపాడు రోడ్డు షెడ్డు మేస్త్రి పోయినాడంటమ్మా. నిన్న మద్దేనం నమాజు చేసుకోని నడుం వాల్చినాడంట, మళ్ళా లేవలేదంట. పదకొండు గంటలకు ఎత్తతారంట" అన్నాడు. నేను అప్పుడు ఒకావిడకు మందుచీటీ రాస్తున్నాను. రాయడం పూర్తిచేశాను గాని, ఏం రాశానో మళ్ళీ మొదటినుంచి చదువుకోవలసి వచ్చింది.

ఇది చదివేవారిలో ఆయన్ను ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు. నెల్లూరు దాటి మైపాడు వైపు వెళ్ళే రోడ్డు పక్కన, తాటాకు కప్పిన షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా కార్లూ లారీలూ బాగుచేశారు. సన్నటి మనిషి. మాట తక్కువ. నేను ఆడమనిషిని అయి ఉండీ సొంతంగా కారు నడుపుతున్నానని ఊళ్ళో చాలామంది వింతగా చూసే రోజుల్లో, ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నా కారు అప్పటికే ఇద్దరి చేతులు మారి వచ్చిన ముసలి బండి. మొదటిరోజు నా చేత ఇంజను స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నారు. నా మెడలోని స్టెతస్కోపు గొట్టాన్ని చూసి చిన్నగా నవ్వి, "మీదీ నాదీ ఒకటే పనమ్మా. కాకపోతే మీ దెగ్గిరికొచ్చేవోళ్ళు ఏడ నొప్పో నోటితో చెప్తారు" అన్నారు.

విప్పిన ప్రతి మరనూ కిరసనాయిల్లో కడిగి, విప్పిన వరసలోనే పళ్ళెంలో పేర్చుకునేవారు. బిగించేటప్పుడు ఎవరు పలకరించినా పలికేవారు కారు. పని అయ్యాక టీ తెప్పించుకుని, సాసరులో పోసుకుని తాగుతూ, అప్పుడు తీరిగ్గా జవాబు చెప్పేవారు. "బాగుండేది వేరే, బాగుండేట్టు కనపడేది వేరే" అనేది ఆయన నోట తరచు వచ్చే మాట. ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలిసింది పదేళ్ళ కిందట.

అప్పట్లో ప్రతి గురువారం మైపాడు వెళ్ళి అక్కడి గర్భిణులను చూసి వచ్చేదాన్ని. చేపలు పట్టేవారి ఇళ్ళలో ఒక చిన్న వయసు కోడలికి నెలలు నిండుతున్నాయి. కాళ్ళూ ముఖమూ వాచి ఉన్నాయి. నెల్లూరు వచ్చి ఆసుపత్రిలో ఉండమన్నాను. ఆమె అత్త ససేమిరా అంది. చివరికి, "వచ్చే గురువారం నేనే కారులో తీసుకుపోతాను, కాన్పు అయ్యాక నేనే తెచ్చి దింపుతాను" అని మాట ఇస్తే ఒప్పుకుంది.

ఆ మంగళవారం ఇంజను ముందువైపు నుంచి నూనె కారుతోందని కారు షెడ్డులో ఇచ్చాను. సీలు మారిస్తే సరిపోయే పని. కానీ సీలు మార్చాలంటే ముందు మూత తీయాలి, మూత తీస్తే లోపల టైమింగ్ చైను కనబడుతుంది. ఇంజను కవాటాలు సరైన క్షణంలో తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా ఆ చైనే ఆధారం. అది తెగితే బండి ఉన్నచోటనే ఆగిపోతుంది. ఆయన దాన్ని విప్పి, కడిగి, పక్కకు తిప్పి రెండు కొసలూ పట్టుకుని గాలిలో నిలబెట్టి నాకు చూపించారు. గట్టి చైను అయితే అలా పట్టుకున్నప్పుడు దాదాపు తిన్నగా నిలబడుతుందట. ఇది మధ్యలో జారిపోయి వేలాడింది.

"సాగిపోయిందమ్మా. కొత్తది మద్రాసు నుంచి రావాల. మా బామ్మర్దిని రైలుకు పంపిస్తా ఉండా. శుక్రవారానికి వస్తాది" అన్నారు.

గురువారం పొద్దునకల్లా షెడ్డుకు వెళ్ళి నిలబడ్డాను. పాత చైను వేసి ఈ పూటకు బండి ఇమ్మన్నాను.

"వెయ్యనమ్మా" అన్నారు.

"అది తెగలేదు కదా?"

"తెగలా."

"పోయిన గురువారం దీంతోనే కదా మైపాడు వెళ్ళి వచ్చాను!"

"అప్పుడు నేను చూడలేదు. ఇప్పుడు చూసినాను. చూసినంక చూడనట్టు మూత పెట్టేదానికి కండ్లు ఎందుకమ్మా?"

నాకు కోపం వచ్చింది. అక్కడ ఒక ప్రాణం కాదు, రెండు ప్రాణాలు నా కోసం ఎదురుచూస్తున్నాయని చెప్పాను. ఆయన తలవంచుకుని అంతా విన్నారు.

"పొయ్యేటప్పుడు మీరు ఒక్కరే. వచ్చేటప్పుడు కడుపుతో ఉండే ఆ బిడ్డ గూడా బండిలో ఉంటాది. మధ్య దోవలో నిలిచిపోతే ముందర ఊరు లేదు, ఎనక ఊరు లేదు. ఆ యమ్మిని పెట్టుకోని ఏం చేస్తారు? తెగతాదని నేను చెప్పలా. తెగదని చెప్పలేకుండా ఉండా. అద్దెకార్లు రెండూ పెళ్ళిళ్ళకు పోయినాయి, తెల్లారే పోయి కనుక్కోనొచ్చినా."

"ఆమెకు ఏమైనా అయితే నీదే పూచీ!" అన్నాను. అంతవరకూ ఆయన్ను ఏకవచనంలో పిలిచి ఎరగను.

"నాదేనమ్మా" అన్నారు ఆయన.

మైపాడుకు ఆ రోజు ఉన్న ఒక్క బస్సు, మధ్యాహ్నం బస్సు పట్టుకుని వెళ్ళాను. బస్సు దిగి ఇసుకలో నడిచి ఆ ఇల్లు చేరేసరికి ఆమెకు మూర్ఛలు మొదలై రెండు గంటలు దాటింది. తల్లిని దక్కించుకోగలిగాను. మగబిడ్డ, ఊపిరి లేకుండా పుట్టాడు. నేను పొద్దున్నే వచ్చి ఉంటే బతికేవాడా? ఇన్నేళ్ళ తర్వాత కూడా అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

తల్లికి గండం గడిచేదాకా అక్కడే ఉండి, శనివారం తిరిగి వచ్చి నేరుగా షెడ్డుకు వెళ్ళాను. కొత్త చైను బిగిస్తున్నారు. బిగించేటప్పుడు నోరు విప్పని మనిషి, నన్ను చూడగానే చేతిలో పానా కింద పెట్టి లేచారు.

"తల్లి?"

"బతికింది."

"బిడ్డ?"

నేను తల దించుకున్నాను. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. మసి వదిలిపోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నారు. ఒక్క ఓదార్పు మాట చెప్పకుండా వచ్చేశాను. తర్వాత చాలా నెలలు ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఏ పని ఉన్నా కాంపౌండరుతో బండి పంపేదాన్ని.

ఆయన దగ్గరకు నన్ను మళ్ళీ నడిపించింది నా వృత్తే. ఒకరోజు ఆపరేషను గదిలో ఒక రబ్బరు గొట్టాన్ని నర్సు మళ్ళీ ఉడకబెట్టబోయింది. వెలుతురులో పట్టి చూస్తే ఒకచోట బీటల్లాంటి సన్నని గీతలు. "ఎక్కడా కారడం లేదమ్మా, బాగానే ఉంది, ఈ ఒక్కసారికీ వాడదాం" అంది. వద్దన్నాను. "పోయినసారి కూడా దీన్నే వాడాం కదమ్మా" అంది. "పోయినసారి నేను చూడలేదు" అన్నాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్ళాను. ఆయన స్టూలు తుడిచి వేశారు. "ఆ రోజు నోరు జారాను మేస్త్రీ, మనసులో పెట్టుకోకండి" అన్నాను.

"బిడ్డ పోయినప్పుడు ఆ మాత్రం అనకుండా ఎట్టుంటారమ్మా" అన్నారు. "ఆ చైను ఆ రోజుకు ఓర్చుకునేదేమో. పోయి వచ్చేదేమో. అది మాత్రం నాకు తెలిసే దోవ లేదు" అన్నారు. ఆ విషయం ఆయన నాతో ఎత్తడం అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత ఆ ముసలి బండి మరి తొమ్మిదేళ్ళు ఆయన చేతిలో నడిచింది. దోవలో ఒక్కనాడూ నన్ను నిలబెట్టలేదు.

ఈ సోమవారం ఆయన ఇంటికి వెళ్ళేసరికి వీధి నిండా జనం. లారీ డ్రైవర్లు, జట్కావాళ్ళు, వెంకటాచలం నుంచి వచ్చిన రైతులు. లోపల ఆడవాళ్ళ మధ్య మేస్త్రి భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక స్త్రీ ఏడుస్తోంది. చూడగానే గుర్తుపట్టాను. మైపాడు కోడలు. పక్కన ఎనిమిదేళ్ళ ఆడపిల్ల.

"నువ్వెట్లా వచ్చావు ఇక్కడికి?" అన్నాను.

"మా అన్న పోతే రాకుండా ఎట్టుంటానమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

"మీరు ఊరికి ఎల్లిపోయినంక నాలుగో నాడు సైకిలేసుకోని వచ్చినాడమ్మా. ఎవరో తెలవదు మాకు. వాకిట్లో నిలబడి, 'డాక్టరమ్మ పొద్దన్నే రావాలని నిలబడింది, బండి ఇయ్యనిది నేను. బిడ్డ పోయిందంటే ఆయమ్మ తప్పు లేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి' అన్నాడు. మా ఇంటాయన కొట్టబోయినాడు. ఆయన కదలలా. మా అత్త అడ్డంపడి, ఎందుకియ్యలేదో చెప్పమని అడిగింది. చెప్పినాడు. చైను సాగిపోయుండాదని, నమ్మి మమ్మల్ని ఎక్కించలేకపోయినానని. అప్పుడు మా ఇంటాయన చెయ్యి దించినాడమ్మా. 'సముద్రంలోకి పొయ్యేముందర మేం గూడా తాడు చూసుకుంటాం. నలిగిన తాడుతో ఎవుర్నీ పంపం' అని, పక్కన కూలబడి ఏడ్చినాడు. ఇద్దురూ ఏడ్చినారు."

ఆ తర్వాత నెలకోసారి మేస్త్రి మైపాడు వెళ్ళేవారట. రెండేళ్ళకు ఆమె మళ్ళీ కడుపుతో ఉంటే, నెలలు నిండకముందే అద్దెకారు మాట్లాడి, ఇంజను తానే చూసుకుని, తానే నడుపుకుంటూ తెచ్చి నా ఆసుపత్రి గేటు దగ్గర దింపారట. ఆ కాన్పు నేనే చేశాను. ముందే వచ్చి చేరినందుకు సంతోషించి, ఎవరు తీసుకొచ్చారని అడిగిన గుర్తు. "తెలిసినాయన" అని మాత్రం అన్నారు. చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారట.

"లోపలికి రమ్మంటే రాలా. మీరు చూస్తే పాతది గ్యాపకానికొచ్చి బాధపడతారని. ఆడబిడ్డ పుట్టిందని మా ఇంటాయన బయటికొచ్చి చెప్పిందాకా గేటు కాడనే నిలబడున్నాడంటమ్మా" అంది.

ఆ గేటుకూ నేను ఉన్న గదికీ ముప్పై అడుగుల దూరం లేదు. కిటికీలోంచి చూసి ఉంటే కనబడేవారు.

పదకొండు గంటలకు ఎత్తారు. ఆడవాళ్ళం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. పాడెకు ముందువైపు ఎడమ కొమ్మును భుజాన ఎత్తుకున్నవాడు మైపాడు కోడలి భర్త. వేట నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నల్లటి పిక్కల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. నాలుగడుగులకు ఒకరు భుజం మార్చుకోవడం వారి ఆచారం. మిగిలిన మూడు కొమ్ములకూ మనుషులు మారుతూనే ఉన్నారు. అతని దగ్గరికి కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజం అందించారు. అతను ఎవరినీ చూడలేదు. తల అడ్డంగా ఊపుతూ, ఎండలో, వీధి మలుపు తిరిగి మాకు కనబడకుండా పోయేదాకా ఆ కొమ్ము వదలకుండా నడిచాడు.