చర్చిలో బాపు లేచి నిలబడ్డాడు

నాలుగేళ్ల క్రితం కల్వకుర్తి దగ్గర, మా ఆయన వాళ్ల ఊరి చర్చిలో మా పెళ్లి జరిగింది. మాది హిందూ రైతు కుటుంబం. ఈ సంబంధం ఇష్టంలేక మూడు నెలలుగా కన్నబిడ్డనైన నాతో మాట్లాడని బాపు, ఆ రోజు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో నాకు తెలియదు.

"ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు పెళ్లి జరిపించే అయ్యగారు. మా పెళ్లిళ్లలో ఇలా అడగరు కదా, ఇదేమిటని నేను బిత్తరపోయేలోపే బాపు లేచి నిలబడ్డాడు. అందరూ అటే చూశారు.

"అయ్యగారూ, గింతమందిని అడుగుతున్నరు. మా బిడ్డకు ఇష్టమేనా అని ముందుగాల దాన్ని అడగరాదుండ్రి?"

"అదీ అడుగుతాం పెద్దాయనా" అంటూ అయ్యగారు నా వైపు తిరిగి అడిగారు. ఔనంటే బాపు వెళ్లిపోతాడా? ఏమీ తోచక బాపు ముఖంలోకి చూశాను.

"భయమెందుకే? నీ మనసుల ఉన్నదే చెప్పు బిడ్డా" అన్నాడు.

"ఇష్టమే" అన్నాను. బాపు కూర్చున్నాడు.

నేను కాదంటానని ఆశపడ్డాడో, ఔనంటానని తెలిసే లేచాడో ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే, "గవన్నీ ఇప్పుడెందుకు?" అంటూ నా కొడుకును ఎత్తుకుని బయటికి పోతాడు. అయినా, అన్ని రోజుల తర్వాత బాపు నాతో అన్న మొదటి మాట నా మనసు గురించే. నాకు అది చాలు.