ఆవగింజ బలం తీరిపోయిన చోట

గొడుగు బుడతడు వీడియో ఆటల వరసలో తాజా ఆట ఎందుకు ఆలస్యమైందన్న విషయం మీద చాలా మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఆ ఆటను పరీక్షించిన స్త్రీ, తనకు ఉద్యోగం ఖాయం చెయ్యలేదన్న కక్షతో విడుదలను అడ్డుకున్నదని ఒక మాట. అత్తగారికి ముందే తర్ఫీదు ఇచ్చి తీసుకొచ్చి, పది మందిలో ఒక పెద్దాయన పరువు తీయించిందని మరొకటి. అభిమానులు చెప్పుకునేది దీనికి పూర్తిగా విరుద్ధం: ఎవరి కంటా పడని లోపాన్ని ఆమె ఒక్కతే పసిగట్టిందనీ, దానికోసం ఉద్యోగాన్ని గడ్డిపరకలా విసిరికొట్టిందనీ. ఆ సంస్థలో ఆనాడు పనిచేసిన ముగ్గురితో నేను విడివిడిగా మాట్లాడాను. తరువాత ఆమెతోనూ, ఆమె అత్తగారితోనూ మాట్లాడాను. పై మాటల్లో ఏ ఒక్కదానికీ ఆధారం దొరకలేదు. నింద అబద్ధమైతే ఎంత తప్పో, పొగడ్త అబద్ధమైనా అంతే తప్పు. కనుక జరిగినది జరిగినట్టు చెబుతాను.

ఆ ఆటలు ఎరగనివారికి రెండు ముక్కలు. తెర మీద గొడుగు పట్టుకున్న ఒక బుడతడు ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతాడు. గట్లెక్కుతాడు, గోతులు దాటుతాడు, ఎత్తు నుంచి దూకినప్పుడు గొడుగు విప్పి తేలుతూ దిగుతాడు. మొదటి ఆట ఆడిన పిల్లలకు ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు. ప్రతి కొత్త ఆటలోనూ బుడతడికి ఏదో ఒక కొత్త శక్తి దొరుకుతుంది. ఈసారి దొరికింది ఆవగింజ. మింగితే బుడతడు అంత చిన్నవాడై గోడ పగుళ్ళలోంచి దూరిపోతాడు. కాసేపటికి గింజ బలం తీరి మామూలు మనిషవుతాడు. తీరబోయే ముందు పాట వేగం అందుకుంటుంది. ఈ ఆటలతో పెరిగినవారెవరైనా ఆ పాట చెవిన పడగానే పరుగు లంకించుకుంటారు. అది వాళ్ళ వేళ్ళకు పట్టిన అలవాటు.

ఆమెను సంస్థలో అందరూ జల్లెడ అనేవారు. ఆమె చేతుల్లోంచి లోపం జారిపోదని ఆ పేరు. రోజంతా ఆటలాడుకుంటే జీతమిస్తారట అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు ముక్కున వేలేసుకునేవారు. నిజానికి ఆమె పని, బుడతడిని ఒకే గోడకు ఒకే చోట పొద్దస్తమానం గుద్దించడం. గోడలో ఎక్కడైనా సందు ఉందేమో చూడడం. ఆమె కూర్చునే గదికి కిటికీలు లేవు. తెర మీద మెరుపు పడకుండా గోడలకు నల్లరంగు వేశారు. ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవలసినంత చలి. ఫోను తలుపు బయట అరలో వదలాలి. కుర్చీ చేతుల మీద రెక్సిన్ ఊడిపోతే ఆమే ఇంటినుంచి గుడ్డముక్క తెచ్చి కుట్టుకుంది. బయట వాన పడుతోందో లేదో మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తేనే తెలిసేది.

ఆమెది ఒప్పందపు ఉద్యోగం. ఆట పూర్తయితే ఒప్పందమూ పూర్తి. మళ్ళీ కొత్త ఆటకు కొత్త ఒప్పందం. ఇలా ఏళ్ళు గడిచాయి. ఈసారి మేనేజరు మేడమ్ పిలిచి, "ఈ ఆట సాఫీగా బయటికి వెళ్ళనీ, నిన్ను ఖాయం చేయించే పూచీ నాది" అన్నది. ఇంట్లో ఈ మాట విన్నవారు అత్తగారొక్కరే. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం; ఆ రెండు గదుల ఇంట్లో చాలా రోజులు వీళ్ళిద్దరే. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు వయసంతా గడిపిన అత్తగారు, "ఖాయం అంటే ఏమిటో నా సర్వీసంతా చూశాను లేమ్మా. కాగితం చేతికొచ్చాక పాయసం వండుతాను" అని ఊరుకుంది.

ఇక మేస్త్రి. తెర మీద ఇటుక ఇటుక పేర్చి బుడతడు తిరిగే కోటలూ కొండలూ కట్టేవాడు గనుక ఆయనకు ఆ పేరు. మొదటి ఆట నుంచీ ఉన్నవాడు. నోరు దురుసే గాని గట్టి పనిమంతుడు. ఆయనను కుట్రదారుగా చూపే కథలను కూడా నేను నమ్మను. కొత్త ఆటలో ఆయనకు ప్రాణప్రదమైనది ఒక తొర్ర. కొండగోడ పగుల్లోంచి ఆవగింజంత బుడతడు దూరి వెళ్తుంటే దారి మధ్యలో చిన్న గది, ఆ గదికి ఒక కిటికీ, కిటికీలోంచి సముద్రం. అక్కడ ఆగి గింజ బలం తీరిపోతే? ఆ ప్రశ్న ఆయనకు ముందే తట్టింది. బుడతడు పెద్దవాడవుతూనే రాయి అతణ్ణి ఒక్క తోపు తోసి పగులు బయట పడేసే ఏర్పాటు చేశాడు. జల్లెడ ఎన్నోసార్లు అక్కడ ఆగి చూసింది. ప్రతిసారీ తోపు పనిచేసింది.

విడుదలకు ముందు ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక పూట సిబ్బంది ఇంటివాళ్ళను పిలిచి ఆట ఆడిస్తారు. అత్తగారు రానంటే రానన్నది. కోడలు బతిమాలి తీసుకొచ్చింది.

హాల్లో పెద్ద తెర ముందు ఆవిడ చేతికి ఆట నడిపే మీటల కంట్రోలర్ ఇచ్చారు. "ఈ డబ్బా ఎటునుంచి పట్టుకోవాలి?" అని అడిగి, రెండు చేతులా బిగించి పట్టుకున్నది. బుడతడు గోతిలో పడ్డ ప్రతిసారీ "అయ్యో నా తండ్రీ!" అనేది. అందరికీ ముచ్చటేసింది. ఎలాగైతేనేం తొర్ర దాకా చేరింది. గింజ మింగించింది. గదిలోకి వచ్చాక ఆగిపోయింది. పాట వేగమందుకుంది.

"పరుగెత్తండి అత్తయ్యా, పరుగెత్తండి!"

"ఉండవే, ఆ కిటికీ ఎంత బాగుందో కాస్త చూడనీ. సముద్రం కదూ అది?"

బుడతడు పెద్దవాడయ్యాడు. రాయి తొయ్యలేదు. ఆవిడ ఉలిక్కిపడి కంట్రోలర్ ఒళ్ళో పడేసింది. బుడతడు ఆ గదిలో తల పైకప్పుకు తగులుతూ నిలబడ్డాడు. ఎడమవైపు పగులు, కుడివైపు పగులు. రెంటిలోనూ వేలు కూడా పట్టదు. చస్తేనైనా ఆట మళ్ళీ మొదలయ్యేది; చావడానికి గొయ్యి లేదు, కరవడానికి పురుగు లేదు. కాసేపు చూసి, చేసేదేమీ లేనప్పుడు చేసే అలవాటు ప్రకారం, ఆవులించి కూర్చున్నాడు.

ఆటను ఆపి మళ్ళీ పెట్టారు. ఎక్కడ ఆపితే అక్కడినుంచి మొదలయ్యే ఏర్పాటు కదా, బుడతడు మళ్ళీ ఆ గదిలోనే లేచాడు. మళ్ళీ ఆవులించాడు.

మేస్త్రి నవ్వుతూ, "పెద్దవాళ్ళు పట్టుకుంటే యంత్రాలు కూడా బెదిరిపోతాయమ్మా. పాత యంత్రం లెండి" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వేరే కుటుంబం ఎదురుచూస్తున్నది. మేనేజరు మేడమ్ ఆ ఆటను తుడిచేసి కొత్తగా మొదలుపెట్టించింది. దురుద్దేశంతో కాదు, మర్యాద కోసం. కాని దానితో ఉన్న ఒకే ఒక సాక్ష్యం పోయింది. హాల్లోని యంత్రం ఆడినదాన్ని రికార్డు చెయ్యదు. ఆ సమయంలో జల్లెడ అత్తగారి ముఖాన్ని చూస్తున్నది, చేతులను కాదు.

ఆ సంస్థలో నియమం ఒకటే: పరీక్షగదిలో, కట్టినవాడి కళ్ళెదుట, మళ్ళీ చేసి చూపించలేనిది లోపం కిందికి రాదు. మంచి నియమమే. లేకపోతే ప్రతివాడి అనుమానానికీ గోడ పడగొట్టాలి.

మర్నాటి నుంచి జల్లెడ నల్లగదిలో ఆ తొర్రను పట్టుకు కూర్చుంది. ఆగింది, రాయి తోసేసింది. గెంతుతూ ఆగింది; తోసేసింది. వెనక్కి తిరిగి, వంగి, గోడకు ఆనుకుని, ఎలా ఆగినా రాయి బుడతడిని మర్యాదగా బయటికి సాగనంపింది. ఒక ముసలావిడ తెలియక ఇరుక్కున్నచోట తను తెలిసీ ఇరుక్కోలేకపోయింది. ఇంటికెళ్ళినా బొటనవేళ్ళు చీరకొంగు మీద కదులుతూనే ఉండేవి. కళ్ళు మూస్తే ఆ గది, ఆ కిటికీ, కూర్చున్న బుడతడు. వాడు తనవైపే చూస్తున్నట్టుండేది.

అత్తగారిని అడగవచ్చు గదా అని మీరనవచ్చు. అడిగింది. ఆవిడ ముఖం ముడుచుకుని, "నేనేం నొక్కానో నాకేం తెలుసు? మీ మిషను బెదిరిపోయిందట గదా, దాన్నే అడుగు" అని లోపలికి వెళ్ళిపోయింది. పది మంది నవ్విన గాయం ఆవిడకింకా మానలేదు.

విడుదల సమావేశం వచ్చింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్క విభాగం వారు "మా వైపు సరే" అని పైకి అనాలి. బొమ్మలవాళ్ళు అన్నారు. పాటలవాళ్ళు అన్నారు. మేస్త్రి బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ అన్నాడు. వంతు ఆమెదాకా వచ్చింది. మేనేజరు మేడమ్ చిరునవ్వుతో తల ఊపింది, చెప్పెయ్ అన్నట్టు.

"మా వైపు సరే కాదు మేడమ్."

తాళం ఆగింది. "తొర్రేనా?" అన్నాడు మేస్త్రి.

"తొర్రే సార్."

"చూపించు."

"చూపించలేను."

"మరి? కలొచ్చిందా?"

"కళ్ళారా చూశాను సార్. మీరూ చూశారు."

"నేను చూసింది పాడు యంత్రం. ఇన్నేళ్ళుగా కడుతున్నానమ్మా, నా గోడల్లో ఒక్కడూ ఇరుక్కోలేదు. మీ అత్తగారి కోసం ఆట ఆపమంటావా?"

"మా అత్తగారి కోసం కాదు. ఆవిడలాగా మొదటిసారి ఆడేవాళ్ళ కోసం. వాళ్ళు ఆ కిటికీ దగ్గర ఆగుతారు సార్. ఆగాలనే కదా మీరు పెట్టారు!"

మేడమ్ గొంతు తగ్గించి, "నీ సంగతి కూడా ఆలోచించుకో. ఇప్పుడు కాదంటే పైవాళ్ళకు నీ గురించి నేనేం చెప్పను?" అన్నది. అక్కడున్న ముగ్గురూ నాతో చెప్పినదాంట్లో ఒకే మాట కలుస్తున్నది: జల్లెడ ముఖంలో ధైర్యమేమీ కనబడలేదు, చేతులు శాలువాలో దాచుకుంది, కాని "సరే" అనలేదు. చివరికి మరుసటి సాయంత్రం వరకు గడువు ఇచ్చారు. అప్పటికి చూపించలేకపోతే ఆమె వంతు లేకుండానే ఆట వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అత్తగారి ఎదుట చతికిలబడింది.

"ఏమ్మా, ఆ మొహమేమిటి? పీకేశారా?"

"ఇంకా లేదత్తయ్యా. ఆ రోజు వాళ్ళు నవ్వినప్పుడు నేను నోరు మెదపలేదు. అక్కడే అనాల్సింది, తప్పు మీది కాదని. ఇవాళ అన్నాను."

"ఎవరితో?"

"అందరితోనూ. ఆ మేస్త్రితో కూడా."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. "ఆ మీసాలాయనతోనా? ఏమన్నాడేం?"

"కలొచ్చిందా అన్నాడు."

"వాడి నోరు పడ!" అని ఆవిడ కళ్ళజోడు పెట్టె తీసి ముందుకు జరిగి కూర్చున్నది. "నొక్కింది గుర్తు లేదు గానీ పట్టుకున్నది గుర్తుంది. ఇదిగో, ఇలా."

జల్లెడ ఆ చేతులకేసి చూసింది. పైన బొటనవేళ్ళు భయంభయంగా తడుముతున్నాయి. కింద మాత్రం ఎడమచేతి వేళ్ళు నాలుగూ పెట్టెను పిడికిలిగా అణచిపెట్టాయి.

"అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారత్తయ్యా?"

"వదిలితే జారిపోదూ? సూది కింద గుడ్డను ఎలా పట్టుకుంటాం మరి?"

కంట్రోలర్ అడుగున, సరిగ్గా ఆ వేళ్ళ కింద, గొడుగు మీట ఉంటుంది. ఆవిడ ఆట పొడుగునా గొడుగు విప్పే ఉంచింది! హాల్లో చూసినవారు దాన్ని కొత్తవాళ్ళ తడబాటు అనుకుని వదిలేశారు. గొడుగు గాలిలో ఉన్నప్పుడు విప్పేది. నెత్తిన రాయి ఉన్నచోట దాన్ని విప్పాలన్న ఊహ, ఆ ఆటలతో పెరిగినవారికెవరికీ రాదు. జల్లెడకు రాలేదు, మేస్త్రికి రాలేదు. ఆవగింజంత మనిషి గొడుగు తెర మీద కనబడదు. కంట్రోలర్ ఒళ్ళో పడగానే అది ముడుచుకుపోయింది.

మర్నాడు ఉదయం నల్లగదిలో మేస్త్రి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె గొడుగు మీట అణచిపెట్టి, గింజ మింగించి, గదిలో ఆగింది. పాట పరుగెత్తింది. బుడతడు పెరిగాడు. విప్పిన గొడుగు అంచు రాతికి అడ్డం తగిలింది. తోపు వచ్చి వ్యర్థంగా పోయింది. ఆమె మీట వదిలింది. బుడతడు ఆవులించి కూర్చున్నాడు.

మేస్త్రి తెర మీదికి వంగి చూశాడు. తరువాత, "ఆవిడ నిజంగా కిటికీ చూడ్డానికే ఆగిందా?" అని అడిగాడు.

"సముద్రం కదూ అది, అన్నది సార్."

"ఒక్కళ్ళన్నా చూశారన్నమాట" అని కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

విడుదల వాయిదా పడింది. తొర్రను పూడ్చేస్తే సులువుగా తీరేది, ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ గదిలో ఎవరైనా ఇరుక్కుంటే, బుడతడు ఆవులించి కూర్చున్నాక, కిటికీ గట్టు మీద ఇంకో ఆవగింజ మొలుస్తుంది. అభిమానులు దాన్ని ఆట ఇచ్చే రహస్య కానుక అనుకుంటున్నారు.

జల్లెడ ఉద్యోగం ఖాయం కాలేదు. దీనికి శిక్షగా తీసేశారన్నదానికీ ఆధారం లేదు. వాయిదా పడ్డందున ఆ ఏడాది ఎవరినీ ఖాయం చెయ్యలేదు. ఒప్పందం తీరిన రోజున ఆమె అరలోంచి ఫోను తీసుకుని, కుర్చీకి కుట్టిన గుడ్డముక్క అక్కడే వదిలేసి బయటికి వచ్చింది. ఇప్పుడు మరో సంస్థలో, మరో ఒప్పందం మీద, మరో ఆట ఆడుతున్నది. ఆ గదికీ కిటికీ లేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు. అత్తగారు మాత్రం, "పాయసం ఇంకా బాకీ ఉంది" అన్నది.

ఇక తీర్పు. లోపాన్ని కనిపెట్టింది ఆమె కాదు, ఆమె అత్తగారు, అదీ తెలియక. కుట్ర లేదు, కక్ష లేదు, త్యాగమూ లేదు; ఉద్యోగం నిలబడాలనే ఆమె కోరుకున్నది, అది నిలబడలేదు. ఆమె చేసినది ఒకటే. తన కళ్ళతో చూసినదాన్ని, చూపించలేని స్థితిలో కూడా, చూడలేదని అనలేదు.